తొట్టెడు నీళ్ళు, గ్లాసెడు నీళ్ళు

తొట్టి గట్టు మీద నుంచి,
జూన్ 4

అక్కకు, తడిసిన తమ్ముడు రాసే ఉత్తరం.

నేను మునిగాను. ఎలాగూ ఎవరో ఒకరు నీ చెవిన వేస్తారు కాబట్టి నేనే ముందు చెబుతున్నాను. ఫోను చేయొచ్చు కదా అనకు. ఫోనులో నేను సగం చెప్పి నవ్వుతాననీ, ఏదైనా ఉంటే కాగితం మీద రాసి చావమనీ నువ్వే అన్నావు.

ఇక్కడ ముంచే సంఘం ఒకటుంది. వాళ్ళ బాప్తిస్మపు తొట్టి కారుతోందని నన్ను పిలిచారు. వేదిక మీద చెక్కలు ఎత్తితే కింద తొట్టి. ఇటు నాలుగు మెట్లు, అటు నాలుగు మెట్లు, మధ్యలో నీలం టైల్సు. నిండితే మూడు వేల లీటర్లు. ఎక్కడ కారుతోందో చూడాలంటే నింపాలి కదా, నింపాను. రెంచీ పట్టుకుని వంగాను. నాచు మీద కాలు జారి వెల్లకిలా, చెవులతో సహా లోపలికి పోయాను. వాళ్ళు ఎలా ముంచుతారో సరిగ్గా అలాగే! బల్లలు తుడవడానికి వచ్చిన ముగ్గురు ముసలమ్మలు "హల్లెలూయా" అని చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు లోపల్నుంచి పరుగున వచ్చి, "మారుమనస్సు పొందావా నాయనా?" అని అడిగారు.

"వాల్వు పోయిందండీ," అన్నాను.

"అయితే ఇది చెల్లదు," అన్నారు పాపం, చాలా విచారంగా.

కాబట్టి భయపడకు. వాళ్ళ లెక్కలో నేను స్నానం చేశానంతే. కానీ ఒకటి చెబుతాను, ప్లంబరుగా నేను వీళ్ళ సిద్ధాంతం వైపే. మీ సంఘంలో పింగాణీ గిన్నెడు నీళ్ళు, అయ్యగారి మూడు వేళ్ళు, పిల్ల నెత్తిన మూడు చుక్కలు, అయిపోయింది. అందులో పైపు ఎక్కడ, మోటారు ఎక్కడ? మా వృత్తికి మర్యాద ఎక్కడ?

ఇక అసలు సంగతి. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగానని నీకు తెలిసే ఉంటుంది. నా మేడమీద గదిలో ఉంటూ కళ్ళజోళ్ళ షాపులో పనిచేసుకుంటున్న నీ చిన్నది ఒక అబ్బాయిని చూసుకుంది. లిఫ్టులు బాగుచేసే అబ్బాయి. షాపు ఉన్న భవనంలో లిఫ్టు ఆగిపోతే ఇది లోపల ఉంది, అతను బయట ఉన్నాడు, తలుపు సందులోంచి గంటసేపు మాట్లాడుకున్నారట. మనిషి మంచివాడే, మాటలే రెండంతస్తుల మధ్య ఆగిపోతాయి. వచ్చిన చిక్కల్లా అతనిది ఈ ముంచే సంఘం. మునిగినవాళ్ళకే ఇక్కడ పెళ్ళి చేస్తామని పాస్టరు గారు అన్నారు. చిన్నది "సరే, దిగుతాను" అంది.

నీతో మాట్లాడమని నన్ను పంపింది. మంట ఆర్పడానికి అగ్గిపెట్టెని పంపినట్టుంది కదూ?

నీ తమ్ముడు

*

కుట్టు మిషను పక్కనుంచి,
జూన్ 12

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. అందుకే రెండోసారి చదివాను.

స్కూళ్ళు తెరిచారు. నూట నలభై చొక్కాలకి కాజాలు కుట్టాలి. కాబట్టి సూటిగా రాస్తాను. లిఫ్టు అబ్బాయి మీద నాకు కోపం లేదు. పెళ్ళి మీద కోపం లేదు. ముంచడం మాత్రం వద్దు.

నా కూతురికి బాప్తిస్మం అయింది. మూడు నెలల పిల్లప్పుడే అయింది. దాని తల మీద నీళ్ళు పడ్డాయి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురి పేర్లూ పలకడం అయింది, దాని పేరూ పలకడం అయింది. నా కళ్ళతో చూశాను, నా చెవులతో విన్నాను. ఇప్పుడు మళ్ళీ ముంచితే, అప్పుడు పడ్డవి ఉత్త నీళ్ళని నలుగురి ముందూ చెప్పినట్టు. అది నేను ఒప్పుకోను.

"పసిపిల్లకి ఏం తెలుసు, అది ఒప్పుకుందా?" అని మీ పాస్టరు గారు అంటారు. నాకు తెలుసు. పాలు పట్టినప్పుడు ఒప్పుకుందా? టీకా వేయించినప్పుడు ఒప్పుకుందా? నా కూతురిగా పుట్టడానికి ఒప్పుకుందా? మనం అడగకముందే దేవుడు ఇచ్చేదాన్నే కృప అంటారు. తెలిసి, ఆలోచించి, చెయ్యెత్తి తెచ్చుకునేదైతే దాన్ని రేషను కార్డు అంటారు.

బాప్తిస్మపు పత్రం ఫ్రేము కట్టించి గోడకి పెట్టాను, ఇద్దరిదీ. పదకొండు నిమిషాల తేడాతో పుట్టిన కవలలు, ఒకే రోజు, ఒకే వేదిక. పెద్దదానికి లేని సందేహం చిన్నదానికి ఎందుకొచ్చింది? నీ మేడమీద ఉంటే వచ్చింది.

అక్క

తా.క. పోయినసారి వచ్చినప్పుడు అల్మరాలో ఉన్న సొట్ట గ్లాసులో నీ స్క్రూలు వేసి వెళ్ళావు. మూడుసార్లు కడుక్కున్నాను. ఇంకోసారి దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను.

*

మేడ మెట్ల మీద నుంచి,
జూలై 9

అక్కకు,

సొట్ట గ్లాసు మీద ఉన్న ప్రేమ తమ్ముడి మీద ఉంటే నేనీపాటికి బాగుపడేవాణ్ణి.

నీ రేషను కార్డు మాట పాస్టరు గారికి చదివి వినిపించాను. ఆయన కోప్పడలేదు. "మనిషి పోతే గుప్పెడు మట్టి నుదుటన చల్లి ఇంటికి పోతామా? మొత్తం పూడుస్తాం. నీళ్ళలో దిగడమంటే పాత మనిషిని పూడ్చడం," అన్నారు.

"పూడ్చినవాణ్ణి మీరు వెంటనే పైకి లాగుతారు కదండీ!" అన్నాను, దొరికిపోయారనుకుని.

"అదే కదయ్యా, కొత్త మనిషిగా లేవడం," అన్నారు.

ఆ మాట మర్చిపోకుండా పైపుల బిల్లు వెనక రాసుకున్నాను. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

నేనొక ఉపాయం కూడా చెప్పాను. వేదిక మీద షవరు బిగిస్తాను. మీకు చిలకరించినట్టూ ఉంటుంది, వీళ్ళకి నిలువునా తడిసినట్టూ ఉంటుంది. ఆయన నవ్వలేదు. మీ అయ్యగారికి చెప్పి చూడు, ఆయనా నవ్వరు. ఈ ఒక్క విషయంలో రెండు సంఘాలూ ఏకమైనట్టే.

చిన్నది చెప్పిన మాట మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అమ్మ అనుకుంటున్నట్టు ఇది పెళ్ళి కోసం కాదు మామయ్యా. పెళ్ళి వల్ల ఆలోచన మొదలైంది, అంతే. పసిదాన్నప్పుడు మీరంతా నా బదులు మాట ఇచ్చారు. మంచిదే. కానీ రేపు పెళ్ళిలో 'ఇతన్ని చేసుకుంటావా' అని అడిగితే నా బదులు నువ్వు 'చేసుకుంటా' అంటే ఊరుకుంటానా?"

"ఆ అబ్బాయిని నేను చేసుకోనులే," అన్నాను. నవ్వింది. నవ్వి ఏడ్చింది. నువ్వు రావేమోనని దాని భయం.

ఇంకొకటి. నీ ఉత్తరంలో "అప్పుడు పడ్డవి" అన్నచోట నాకెందుకో దగ్గొచ్చింది. నీళ్ళు మారి ఉంటాయి.

నీ తమ్ముడు

*

కుట్టు మిషను పక్కనుంచి,
ఆగస్టు 3

తమ్ముడికి,

తారీకు కూడా పెట్టుకున్నారని చిన్నది రాసింది. అక్టోబరు రెండో ఆదివారం ముంచడం, ఆ తర్వాతి నెల పెళ్ళి. నా జవాబు ఇదీ. అది ఆ తొట్టిలో దిగిన రోజునుంచి నాకు ఒక్కతే కూతురు. పెళ్ళికి రాను. నేను చెప్పినదానికి నిలబడే మనిషినని నీకు తెలుసు.

పోయిన ఆదివారం పెద్దది ఆదివారం బడిలో పిల్లలకి ఈ సంగతే చెప్పింది. "రెండోసారి బాప్తిస్మం తీసుకోవడమంటే దేవుడికి మతిమరుపు అనుకోవడం" అంది. అయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి విని తల ఊపారు. ఒక కడుపున పుట్టి ఒకటి అలా, ఒకటి ఇలా.

ఇప్పుడు నీతో పని. పత్రం మీద సాక్షి సంతకం నీది. ఆ రోజు వేదిక మీద బిడ్డని ఎత్తుకున్నవాడివి నువ్వు. కాబట్టి ఆ పాస్టరు గారికి నువ్వు ఒక కాగితం రాసివ్వు. "ఈ పిల్లకి నా కళ్ళ ముందు బాప్తిస్మం అయింది, మళ్ళీ ఇవ్వవద్దు" అని రాసి సంతకం పెట్టు. మేనమామ స్వయంగా రాసిస్తే ఆయన కాదనలేరు. నా జన్మలో నిన్ను ఒక్క సాయం అడుగుతున్నాను.

అక్క

*

నా పైపుల షాపు వెనక గదిలోంచి,
ఆగస్టు 11

అక్కా,

ఈ ఉత్తరం చదివేముందు మిషను ఆపు. సూది వేలిలో దిగితే అదీ నా నెత్తినే పడుతుంది.

ఆ కాగితం నేను రాయలేను. ఇరవై మూడేళ్ళ కిందట ఒక సంతకం పెట్టాను, దాన్నే ఇంకా మోస్తున్నాను.

ఆ రోజు గుర్తుచేసుకో. నువ్వు జ్వరం నుంచి లేచి మొదటి బల్లలో గోడకి చేరబడి కూర్చున్నావు. నా చేతిలో పెద్దది, బావ చేతిలో చిన్నది, ఇద్దరం వేదిక మీద స్తంభం పక్కన నిలబడ్డాం. పిల్లలకి నువ్వు కుట్టిన దుప్పట్లు, ఒకవైపు తెలుపు, ఒకవైపు పసుపు. పెద్దదానికి తెలుపు పైకి, చిన్నదానికి పసుపు పైకి. పెద్దదాని పని అయింది. సరిగ్గా అప్పుడే చిన్నది బావ చొక్కా మీద తన పని కానిచ్చింది. అందరూ పాటల పుస్తకాల్లో తలలు పెట్టి ఉండగా బావ దాన్ని పట్టుకుని వెనక కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. అప్పటి ముసలి అయ్యగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. "రెండో బిడ్డ," అన్నారు. పాట అయిపోయింది. అందరూ చూస్తున్నారు.

నేనేం చేశానంటే, స్తంభం చుట్టూ ఒక్క చుట్టు తిరిగాను. తిరిగేలోపు దుప్పటి తిప్పేశాను. పసుపు పైకి వచ్చింది. పెద్దదాన్నే మళ్ళీ పట్టాను. "ఇప్పుడేగా పోశారు" అన్నట్టు అది అరిచింది. అయ్యగారు చిన్నదాని పేరు పలికి మళ్ళీ పోశారు.

బావ తిరిగొచ్చేసరికి ప్రార్థన కూడా అయిపోయింది. తడి చొక్కాతో నన్ను బయటికి లాక్కుపోయి ఒట్టు వేయించుకున్నాడు, నీకు చెప్పనని. నీ ఒంట్లో అప్పుడు ప్రాణం అంతంతమాత్రం. మొదట ఏడాది తలుచుకుంటే నవ్వొచ్చేది. ఆ తర్వాత భయం వేసేది. ఆ తర్వాత బావ పోయాడు, ఒట్టు నా ఒక్కడి దగ్గరా మిగిలింది.

కాబట్టి లెక్క ఇదీ. పెద్దదానికి రెండు బాప్తిస్మాలు, రెండు పేర్లు. రెండోసారి తీసుకోకూడదని పాఠం చెబుతున్నది అదే. చిన్నదానికి చుక్క కూడా పడలేదు. అది తొట్టిలో దిగితే రెండోసారి కాదక్కా. నీ సిద్ధాంతం ప్రకారమే మొదటిసారి. కాదంటే మీ అయ్యగారి దగ్గరికే తీసుకెళ్ళి పోయించు, నేను అడ్డుపడను. కానీ "అయింది" అని మాత్రం నాచేత రాయించకు.

తిట్టు. నాలుగు పేజీలు తిట్టు. ఊరుకోవద్దు.

నీ తమ్ముడు

*

వంటగదిలోంచి,
సెప్టెంబరు 20

తమ్ముడికి,

నలభై రోజులు ఊరుకున్నాను. కోపమని అనుకుని ఉంటావు. కాదు.

నాకు ఆ రోజే తెలుసు.

పెద్దది ఏడిస్తే మధ్యలో వెక్కిళ్ళు వస్తాయి. చిన్నది ఊపిరి బిగబట్టి ఏడుస్తుంది. రెండుసార్లూ వెక్కిళ్ళే వినపడ్డాయి. అదీ పోనీ. పెద్దదాని దుప్పటి అంచుకి ఎర్రదారం, చిన్నదాని దుప్పటికి నీలందారం వేసి కుట్టాను. నువ్వు దుప్పటి తిప్పావు గానీ దారం తిప్పలేదురా. దర్జీదాని ముందా నీ గారడీ?

లేచి ఆపుదామనుకున్నాను. కానీ లేవలేదు. అయ్యగారికి అవి ఆఖరి బాప్తిస్మాలు, మర్నాటినుంచి విశ్రాంతి. ఆ గుడ్డికళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అది చూసి సంఘమంతా ఏడుస్తోంది. తిరిగొచ్చిన మీ బావ ముఖం పాలిపోయి ఉంది. సరే, ఇంటికి పోదాం అనుకున్నాను.

మధ్యాహ్నం ముందుగదిలో అందరూ కేకు తింటున్నారు. నీ గొంతే అందరికంటే పెద్దగా వినపడుతోంది. నేను చిన్నదాన్ని తీసుకుని వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. కుళాయి తిప్పాను, నువ్వు బిగించిన కుళాయే. స్టీలు గ్లాసుతో మూడుసార్లు దాని తల మీద పోశాను. ముగ్గురి పేర్లూ నేనే చెప్పాను. దాని పేరూ నేనే చెప్పాను. మూడోసారి చెయ్యి వణికి గ్లాసు జారి రాతి మీద పడింది. ఆ సొట్ట అప్పటిది.

"ఏం పడింది?" అని మీ బావ కేకేశాడు.

"గ్లాసు," అన్నాను. అబద్ధం కాదు కదా.

అప్పటినుంచి ఎవరికీ చెప్పలేదు. ప్రాణం మీదికొస్తే బాప్తిస్మం ఎవరైనా ఇవ్వొచ్చని చిన్నప్పుడు ఎక్కడో విన్నాను. పిల్ల ప్రాణం మీదికి రాలేదు. నా ప్రాణం మీదికి వచ్చింది. అది చెల్లుతుందో లేదో అయ్యగారిని అడిగితే "చెల్లదమ్మా, నువ్వెవరు ఇవ్వడానికి?" అంటారేమోనని ఇరవై మూడేళ్ళూ అడగలేదు. గోడ మీద పత్రం ఉంది కదా, దాని వెనక నా గ్లాసు దాక్కుంది.

ఇప్పుడు అర్థమైందా నాకెందుకు నొప్పో? దాన్ని ముంచితే అయ్యగారి నీళ్ళు చెల్లవన్నట్టు కాదు. నా నీళ్ళు చెల్లవన్నట్టు. నువ్వు ఒక్క అబద్ధపు సంతకం పెడితే అంతా అలాగే ఉండిపోయేది. నీ జన్మలో నిజం చెప్పడానికి నీకు ఇదే దొరికిందా?

చిన్నదానికి చెప్పకు.

అక్క

*

తొట్టి గట్టు మీద నుంచి,
సెప్టెంబరు 26

అక్కకు,

చెప్పేశాను. ఒక రహస్యం ఇరవై మూడేళ్ళు దాచాను, రెండోది దాచే చోటు నా దగ్గర లేదు.

దుప్పటి కథ ముందు చెప్పాను, కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నీ ఉత్తరం చేతికిచ్చాను. మెట్టు మీద కూర్చుని చదివింది. కళ్ళజోడు తీసి తుడిచింది, మళ్ళీ తుడిచింది. చివరికి ఒక్కటే అడిగింది. "అమ్మ పోసినప్పుడు నేను ఏడ్చానా? అడిగి చెప్పు మామయ్యా."

"మరి ఇప్పుడేం చేస్తావు?" అన్నాను.

"దిగుతాను. అమ్మ పోసినవి చాలక కాదు. ఆ రోజు వంటగదిలో అమ్మ నన్ను దేవుడికి అప్పగించింది. ఇన్నాళ్ళకి నేను నడుచుకుంటూ వెళ్ళి 'అవును, నేనే' అని చెప్పొద్దా? కానీ అమ్మ రాకపోతే ఆ రోజు దిగను. అమ్మ వచ్చేదాకా తొట్టి నింపొద్దని నీకే చెబుతున్నాను," అంది. లిఫ్టు అబ్బాయి కూడా ఆగుతానన్నాడు. ఆగడం అతనికి వృత్తిలో అలవాటే.

నేనొక వెధవపని కూడా చేశాను. ఎవరి పేరూ చెప్పకుండా పాస్టరు గారిని అడిగాను. "ఒక తల్లి వంటగదిలో గ్లాసుతో ఇలా పోసిందటండీ. చెల్లుతుందా?" ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచించి, "మా లెక్కలో చెల్లదు," అన్నారు. నేను సంచీ సర్దుకుని గుమ్మం దాటాక వెనక్కి పిలిచారు. "దేవుడి లెక్క నాకు తెలీదయ్యా," అన్నారు.

కారడం ఆగింది. వాల్వు మార్చాను, నాచు గీకాను. తొట్టి ఎండిపోయి ఉంది. ఇక నీ ఇష్టం.

అక్కా, ఆ గ్లాసులో స్క్రూలు వేసినందుకు మాత్రం నన్ను క్షమించు. మిగతావాటికి తర్వాత అడుగుతాను.

తమ్ముడు

*

కుట్టు మిషను పక్కనుంచి,
అక్టోబరు 2

తమ్ముడికి,

ఏడవలేదని దానికి చెప్పు. గ్లాసు అంచు పట్టుకుంది. వదలనంది. నా చెయ్యి వణికి జారిందని రాశాను గానీ, నిజానికి సగం అది లాగితేనే జారింది.

నీళ్ళ లోతు ఎంత? దాని నడుము దాకానా, ఛాతీ దాకానా? టేపు పెట్టి కొలిచి పంపు, నీ నోటి లెక్క వద్దు. ముంచేటప్పుడు వేసుకునే తెల్ల గౌను నేనే కుడుతున్నాను. వాళ్ళ సంఘంలో అందరికీ ఇచ్చేవి గోనెసంచుల్లా ఉంటాయని చిన్నది ఎప్పుడో రాసింది. గుడ్డ పలచన, నీళ్ళలో గొడుగులా పైకి లేస్తుంది. కింది అంచులో బరువులు వేసి కుట్టాలి. నీ డబ్బాలోంచి ఇత్తడి వాషర్లు ఎనిమిది పంపు. వాడినవి వద్దు.

నేను ఒప్పుకున్నానని ఎవరికీ చెప్పకు. గౌను కుడుతున్నానని చెప్పు.

శనివారం వస్తున్నాను. తొట్టి నింపేటప్పుడు నువ్వూ నేనూ తప్ప అక్కడ ఎవరూ ఉండకూడదు. ముందు నా గ్లాసుతో మా కుళాయి నీళ్ళు పోస్తాను, సీసాలో తెస్తున్నాను. ఆ తర్వాత నీ మూడు వేల లీటర్లు వదులుకో. ఆ పాస్టరు గారు ఆదివారం ఏ నీళ్ళలో ముంచుతున్నారో ఆయనకి తెలియక్కర్లేదు. ఆయన లెక్క ఆయనది.

పెద్దది కూడా నాతో వస్తోంది. దానికింకా ఏమీ చెప్పలేదు, బడిలో ఆ పాఠం ఇంకా రెండు వారాలుంది. అది వచ్చేది చెల్లెలికి మద్దతు కోసం కాదు, చివరి నిమిషంలో చెల్లెలి మనసు మారుస్తుందట. కవలలిద్దరూ ఇప్పటికీ అచ్చు ఒకేలా ఉంటారు, గౌను వేస్తే నాకే తికమక. అందుకని నీకు ఒక పని అప్పగిస్తున్నాను. ఈసారైనా సరిగ్గా చెయ్యి. మెట్లు దిగేది ఎవరో దగ్గరుండి చూడు. గౌను అంచుకి నీలందారం వేస్తున్నాను.

పెద్దదాన్ని మాత్రం గట్టు దగ్గరికి రానివ్వకు. దానికి ఇప్పటికే రెండున్నాయి.

అక్క